గొలుసుల్ని విడదీసిన ఫొటోలు

విజయనగరంలో పెళ్లి ఫొటోలు తీసుకుని బతికే నాకు ఈమధ్య 1850ల నాటి స్టీరియో కార్డుల పిచ్చి పట్టింది. ఒకే అట్ట మీద పక్కపక్కన రెండు ఫొటోలు. ఒకటి ఎడమ కంటికి, ఒకటి కుడి కంటికి. ఒక్కో కన్ను తన ఫొటోనే చూస్తే రెండూ కలిసి లోతున్న ఒకే దృశ్యంలా కనిపిస్తాయి. మన కళ్ల మధ్య ఉన్నంత ఎడం, అంటే దాదాపు రెండున్నర అంగుళాలు జరిపి తీసినవి. ఇంగ్లండు శాస్త్రవేత్త వీట్‌స్టన్ 1838లో అద్దాలు పెట్టి ఈ కిటుకు చూపించాడు, అదీ గీసిన బొమ్మలతో. తర్వాత ఇంకో శాస్త్రవేత్త బ్రూస్టర్ చేసిన, ఈ కార్డులు చూసే కటకాల పెట్టె, 1851 లండన్ ప్రదర్శనలో అది విక్టోరియా రాణికి నచ్చడం... అదంతా ఎక్కడైనా దొరుకుతుంది.

నన్ను కట్టిపడేసింది గ్రేట్ ఈస్టర్న్ ఓడ. 692 అడుగుల ఇనుప ఓడ, లండన్‌లో థేమ్స్ ఒడ్డున మిల్‌వాల్‌లో కట్టారు. 1857లో రాబర్ట్ హౌలెట్ అనే ఫొటోగ్రాఫర్ దాన్ని స్టీరియోలో కూడా తీశాడు. ఓడలు కట్టే చోటును మామూలు ఫొటోలో చూస్తే దూలాలు, గొలుసులు, నిచ్చెనలు అన్నీ కలిసి నల్లటి ముద్ద. అదే స్టీరియోలో ముందున్న గొలుసు ముందుకొస్తుంది, దూలం వెనక్కి పోతుంది, రెండింటి మధ్య ఖాళీ తెలుస్తుంది. పెళ్లి మండపానికి ఇంత హంగామా అక్కర్లేదు, వెనకాల ఉండేది ఎలాగూ గుడ్డ తెరే.

అప్పట్లో గాజు పలకకి కొలోడియన్ అనే జిగురులాంటి ద్రవం పూసి, తడి ఆరకముందే ఫొటో తీసి కడిగెయ్యాలి. స్టీరియోకి పలక చిన్నది, లెన్సు ఫోకల్ లెంగ్త్, అంటే లెన్సుకీ పలకకీ మధ్య దూరం తక్కువ, దాంతో పలక మీద వెలుతురు ఎక్కువ పడి తొందరగా ఫొటో వచ్చేది. అందుకే 1859లో ఫొటోగ్రాఫర్ ఎడ్వర్డ్ ఆంథొనీ న్యూయార్క్ వీధుల్లో నడిచే జనాన్ని చెదరకుండా పట్టుకోగలిగాడు. అది ఎండలో. కార్ఖానా లోపల అంత వెలుతురెక్కడిది? ఆడే చెయ్యి పొగలా చెదిరిపోతుంది. అందుకని పనివాళ్లని బిగుసుకుని నిలబడమనేవారు.

జూట్ మిల్లులో రిటైరైన మా నాన్నకి అలాంటి కార్డొకటి చూపించాను. "ఎవలూ పని సేయట్లేదేట్రా? లాకౌటా?" అన్నాడు.

మీరూ ఫోన్‌తో తీసి చూడండి. రోడ్డు పక్కన ఆరేసిన గోగునార కట్టలైతే బాగా వస్తాయి, అవి కదలవు. ఒక ఫొటో తీసి, రెండున్నర అంగుళాలు కుడికి జరిగి ఇంకోటి తీయండి. చిన్నగా ప్రింట్ వేసి, మొదటిది ఎడమ పక్కన, రెండోది కుడి పక్కన పెట్టి, స్టీరియో కటకాల పెట్టెలో చూడండి. తారుమారైతే దగ్గరిది దూరంగా, దూరంది దగ్గరగా కనిపించి తల తిరుగుతుంది.