ఆ మిగిలిన ఒక్క శాతం

గత నెలలో మా బావమరిది నా ఫోనుకు ఒక ఫొటో పంపించాడు. బొటనవేలంత గాజు సీసా, అడుగున చిటికెడు తెల్లని పొడి, లేబుల్ మీద మధుమేహానికి, బరువు తగ్గడానికి వాడే సెమాగ్లూటైడ్ అన్న మందు పేరు, దాని కింద స్వచ్ఛత 99 శాతం అన్న మాట, ఇంకా కింద కళ్లు చికిలించి చూస్తే తప్ప కనిపించని అక్షరాల్లో పరిశోధన నిమిత్తం మాత్రమే, మనుషులకు వాడరాదు అన్న హెచ్చరిక. ఫొటో వెనకాలే ఫోన్ కూడా వచ్చింది. "బావా, మీరు కంపెనీలో చేసేది ఇదే కదా? మా జిమ్‌లో ఒకతను సగం ధరకే ఇస్తున్నాడు. నగల బంగారమే 916 అంటారు, ఇది 990 అన్నమాట. వేసుకోవచ్చా?" అని అడిగాడు. వద్దని ఒక్క మాటలో చెప్పాను గానీ, ఎందుకు వద్దో ఫోనులో వివరించడం నా వల్ల కాలేదు. హైదరాబాద్ శివార్లలోని ఒక పరిశ్రమలో పన్నెండేళ్లుగా సెమాగ్లూటైడ్ వంటి పెప్టైడ్లు తయారుచేస్తున్న నాకు ఆ 99 అనే అంకెతో ఉన్న పేచీ చాలా పాతది. ఆ పేచీ ఏమిటో తీరికగా ఇక్కడ రాస్తున్నాను.

బంగారంలో కలిసిన మిగతా ఎనిమిది శాతం రాగో వెండో అని అందరికీ తెలుసు. పెప్టైడ్‌లో కలిసిన మిగతా ఒక్క శాతం మాత్రం అచ్చం ఆ పెప్టైడ్‌లాగే ఉంటుంది. అది ఎలా వచ్చి చేరుతుందో తెలియాలంటే ఈ మందులను కట్టే పద్ధతి తెలియాలి.

పెప్టైడ్ అంటే అమైనో ఆమ్లాలను ఒకదానికొకటి గుచ్చిన పొట్టి దండ. మరీ పొడుగైతే దాన్ని ప్రోటీన్ అంటారు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 40 దగ్గర గీత గీసింది. ప్రసవ సమయంలో పనిచేసే ఆక్సిటోసిన్ అనే హార్మోనులో తొమ్మిదే ఉంటాయి. దాన్ని 1953లో విన్సెంట్ డు విన్యో ప్రయోగశాలలో కృత్రిమంగా తయారుచేస్తే, రెండేళ్లకే ఆయనకు రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి ఇచ్చారు. తొమ్మిది పూసల దండకు అంత గౌరవమా అని ఇప్పటి పిల్లలకు ఆశ్చర్యంగా ఉండవచ్చు. కానీ అప్పట్లో ఒక్కొక్క పూస గుచ్చిన ప్రతిసారీ వచ్చిన పదార్థాన్ని విడదీసి, శుభ్రం చేసి, స్ఫటికాలుగా మార్చి, మళ్లీ మొదలుపెట్టవలసి వచ్చేది.

న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ పరిశోధన సంస్థలో పనిచేసిన బ్రూస్ మెరిఫీల్డ్ ఆ శ్రమను ఒక చిన్న ఉపాయంతో తప్పించాడు. మొదటి అమైనో ఆమ్లాన్ని పాలిస్టైరీన్ గుళికకు అతికించేస్తే, ఆ పైన ఎన్ని గుచ్చినా దండ గుళికను వదలదు. పని పూర్తికాగానే మిగిలినదంతా ద్రావకంతో కడిగి వడకట్టేయవచ్చు. బియ్యం కడిగినంత సులువు. నాలుగు అమైనో ఆమ్లాల దండను ఇలా కట్టి ఆయన 1963లో ప్రకటించాడు. 1984లో నోబెల్ అందుకున్నాడు. అదే 1963లో మద్రాసులో జి.ఎన్. రామచంద్రన్, తన సహచరులతో కలిసి, పెప్టైడ్ గొలుసు ఏ కోణాల్లో వంగగలదో ఏ కోణాల్లో వంగలేదో చూపే పటాన్ని ప్రచురించారు. ఒకరు దండ కట్టడం ఎలాగో చెప్పిన ఏడాదే మరొకరు ఆ దండ ఎలా మెలితిరుగుతుందో చెప్పారన్న సంగతి నాకు ఎప్పుడూ ముచ్చటగా అనిపిస్తుంది.

అయితే మెరిఫీల్డ్ పద్ధతిలోని సౌకర్యమే దాని చిక్కు కూడా. గుళిక మీద లక్షల కోట్ల దండలు ఒకేసారి పెరుగుతుంటాయి. వాటిలో కొన్ని ఏదో ఒక మెట్టులో ఒక పూసను అందుకోలేకపోతే, ఆ పొరపాటు దండలూ గుళికనే అంటిపెట్టుకుని ఉంటాయి. ఎంత కడిగినా పోవు. తరువాతి పూసను మామూలుగా అందుకుని, చివరిదాకా పెరిగి, మధ్యలో ఒకటి తక్కువైన దండలుగా బయటికి వస్తాయి. సెమాగ్లూటైడ్‌లో 31 అమైనో ఆమ్లాలు ఉన్నాయి, అంటే 30 అతుకులు. ప్రతి అతుకూ 99 శాతం సక్రమంగా జరిగినా, 0.99ని ముప్పై సార్లు హెచ్చవేస్తే చివరికి సరైన దండలు 74 శాతమే మిగులుతాయి. మిగతా 26 శాతం దాని కవల సోదరుల్లాంటివి. బావమరిది మురిసిపోయిన 99 మా దగ్గర ఒక్కొక్క మెట్టులో ఎదురైతే మేం తల పట్టుకుంటాం.

అందుకే అతుకు పడిందో లేదో చూసుకోకుండా ముందుకు వెళ్లం. రియాక్టర్ నుంచి పది పదిహేను గుళికలను సన్నని గాజు గొట్టంలోకి తీసి, నిన్‌హైడ్రిన్ కలిసిన ద్రావణాలు రెండు మూడు చుక్కలు వేసి, ఐదు నిమిషాలు వేడిచేస్తాం. దీనిని కైజర్ పరీక్ష అంటారు. ద్రావణం లేత పసుపుగా, గుళికలు రంగు లేకుండా ఉంటే అతుకు పూర్తయినట్టు. గుళికలు నీలంగా మారితే ఇంకా ఖాళీ చేతులతో నిలబడ్డ దండలు ఉన్నట్టు. అప్పుడు మళ్లీ కప్లింగ్, అంటే అతుకు చర్య, పెట్టాలి. ఇంత ఖరీదైన యంత్రాలున్న చోట ఇప్పటికీ గాజు గొట్టాన్ని ట్యూబ్‌లైట్ ముందు ఎత్తిపట్టుకుని రంగు చూసి నిర్ణయం తీసుకుంటామంటే కొత్తగా చేరిన పిల్లలు నమ్మరు.

నేను చేరిన రెండో ఏడాది ఒక రాత్రి షిఫ్టులో జరిగిన సంగతి చెబుతాను. దండను చివరి నుంచి మొదటికి కట్టుకుంటూ వస్తాం కాబట్టి, సెమాగ్లూటైడ్‌లో అన్నిటికంటే ఆఖరున గుచ్చేది హిస్టిడిన్. దానికి ముందున్నది ఎయిబ్ అని మేం పిలుచుకునే ఒక అసాధారణ అమైనో ఆమ్లం. ఎయిబ్‌కు రెండు వైపులా రెండు మిథైల్ గుంపులు కాపలా కాస్తుంటాయి. తలుపు దగ్గర ఇద్దరు పహిల్వాన్లు నిలబడ్డట్టు, వాటిని దాటి హిస్టిడిన్ లోపలికి వెళ్లడం కష్టం. ఆ రాత్రి గుళికలు నీలంగానే ఉన్నాయి. మళ్లీ పెట్టాను, మళ్లీ నీలమే. తెల్లవారేలోగా ముగించాలన్న తొందరలో వేడి కాస్త పెంచాను. ఈసారి గుళికలు తెల్లగా వచ్చాయి. సంతోషించి, షిఫ్టు అప్పగించి ఇంటికి వెళ్లి పడుకున్నాను.

నాలుగు రోజుల తరువాత, కలిసిన పదార్థాలను విడదీసి ఒక్కోదాన్ని ఒక శిఖరంగా చూపే హెచ్‌పీఎల్‌సీ పటంలో, అసలు శిఖరానికి భుజం లాంటిది ఒకటి కనిపించింది. హిస్టిడిన్‌ను వేడిలో ఎక్కువసేపు ఉంచితే అది అద్దంలోని ప్రతిబింబంలా తిరగబడుతుంది. ఎల్ రూపం డి రూపమవుతుంది. ద్రవ్యరాశి అణువంత కూడా మారదు కాబట్టి అణువుల బరువు తూచే మాస్ స్పెక్ట్రోమీటర్‌లో రెండూ ఒకటే. పదార్థాలను విడదీసే కాలమ్ అనే గొట్టంలోనూ దాదాపు ఒకే సమయానికి బయటికి వస్తాయి. ఆ భుజాన్ని విడదీయడానికి మా ప్యూరిఫికేషన్ వాళ్లు పదిరోజులు తంటాలు పడి, చివరికి బ్యాచ్‌లో సగానికి పైగా వదులుకున్నారు. మా సీనియర్ నన్ను తిట్టలేదు. "పూస పడితే చాలదు నాయనా, ఏ ముఖంతో పడిందో కూడా చూసుకోవాలి" అని మాత్రం అన్నారు.

అంత ఇబ్బంది పెట్టే ఎయిబ్‌ను అసలు ఎందుకు పెట్టారని అడగవచ్చు. సెమాగ్లూటైడ్ అనుకరించేది మన పేగుల్లో తయారయ్యే జీఎల్‌పీ-1 అనే హార్మోనును. అది భోజనం తరువాత ఇన్సులిన్ విడుదలను పెంచుతుంది, ఆకలిని తగ్గిస్తుంది. స్వెత్లానా మొయ్‌సోవ్ అనే శాస్త్రవేత్త, మెరిఫీల్డ్ ప్రయోగశాలలో పెప్టైడ్ నిర్మాణం నేర్చుకున్న మనిషి, 1980లలో బోస్టన్‌లో దాని క్రియాశీల రూపాన్ని గుర్తించడంలో ముఖ్య పాత్ర వహించారు. ఆమెకు దక్కవలసిన గుర్తింపు చాలా ఆలస్యంగా, 2024లో లాస్కర్ పురస్కారంతో దక్కింది. హార్మోను దొరికింది గానీ మందు కాలేదు, ఎందుకంటే రక్తంలో దాని ఆయుష్షు రెండు నిమిషాలు. డీపీపీ-4 అనే ఎంజైమ్ కత్తెరలా దాని మొదటి రెండు పూసలను తెంపేస్తుంది.

ఆ కత్తెరకు మొదటి జవాబు ఒక బల్లి దగ్గర దొరికింది. అమెరికా నైరుతి ఎడారుల్లో తిరిగే గిలా మాన్‌స్టర్ అనే విషపు బల్లి లాలాజలంలో, జాన్ ఎంగ్ అనే వైద్యుడు 1992లో ప్రకటించిన, జీఎల్‌పీ-1ను పోలిన ఎక్సెండిన్-4 అనే పెప్టైడ్‌కు రెండో స్థానంలో అలనిన్ అనే అమైనో ఆమ్లం బదులు గ్లైసిన్ ఉంది. కత్తెరకు అది పట్టు ఇవ్వదు. దాని కృత్రిమ రూపమే 2005లో ఎక్సెనటైడ్ అనే మందుగా వచ్చింది. సెమాగ్లూటైడ్ తయారుచేసినవారు అదే రెండో స్థానంలో ఎయిబ్‌ను పెట్టారు. నా రాత్రి షిఫ్టును చెడగొట్టిన పహిల్వాన్లే రోగి రక్తంలో కత్తెరను అడ్డుకుంటారు. పైగా ఇరవయ్యో స్థానంలోని లైసిన్‌కు 18 కార్బన్ల కొవ్వు ఆమ్లాన్ని తోకలా తగిలించారు. ఆ తోక రక్తంలోని ఆల్బుమిన్ అనే ప్రోటీన్‌ను పట్టుకుని వేలాడుతుంది, మూత్రపిండాలు దాన్ని వడకట్టి పారేయలేవు. రెండు నిమిషాల ఆయుష్షు దాదాపు వారానికి పెరిగింది. ఇదే కోవకు చెందిన మరో మందు, 39 అమైనో ఆమ్లాల టిర్జెపటైడ్‌లో ఎయిబ్‌లు రెండు ఉన్నాయి.

ఈ ఎయిబ్ చేరితే గొలుసు ఎలా మెలితిరిగి గట్టిపడుతుందో బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో పి. బలరామ్ బృందం దశాబ్దాల పాటు అధ్యయనం చేసింది. బూజు జాతి జీవుల్లో దొరికే అలామెథిసిన్ వంటి పెప్టైడ్ల మీద ఆసక్తితో సాగిన పని అది. బరువు తగ్గించే మందుల మార్కెట్ అప్పటికి ఎవరి ఊహలోనూ లేదు.

మళ్లీ మా పరిశ్రమకు వస్తాను. దండను గుళిక నుంచి టీఎఫ్ఏ అనే ఘాటైన ఆమ్లంతో కోసి, చల్లని ఈథర్‌లో పోస్తే తెల్లగా విరిగిన పాలలా క్రూడ్, అంటే ఇంకా శుద్ధిచేయని ముడి పెప్టైడ్, దిగుతుంది. అసలు ఖర్చు, అసలు నైపుణ్యం అక్కడి నుంచే మొదలవుతాయి. మనిషి ఎత్తున్న ఉక్కు కాలమ్‌లోకి ఆ క్రూడ్‌ను పంపి, ఎసిటోనైట్రైల్ అనే ద్రావకం పాళ్లు కొద్దికొద్దిగా పెంచుతూ, బయటికి వచ్చే ద్రవాన్ని పాత్రల్లో విడివిడిగా పట్టి, ఒక్కొక్క పాత్రను పరీక్షించి, నిక్కమైనవాటినే కలుపుతాం. అంచుల్లో పట్టినవి పక్కన పెట్టి మళ్లీ కాలమ్‌కు పంపుతాం. ఈ పద్ధతిలో ఒక కిలో పెప్టైడ్ తయారీకి సగటున 13,000 కిలోల ముడిపదార్థాలు, ద్రావకాలు, నీరు ఖర్చవుతాయని రసాయనశాస్త్రవేత్తలు లెక్క కట్టారు; మామూలు మాత్రల్లో వాడే చిన్న అణువులకు ఆ లెక్క వందల్లోనే ఉంటుంది. గొలుసులో ఎక్కువ భాగాన్ని ఈస్ట్‌లో పెంచి, ఎయిబ్ ఉన్న కొసను, కొవ్వు తోకను రసాయనికంగా అతికించేది సెమాగ్లూటైడ్‌ను కనుగొన్న కంపెనీ దారి. మొత్తం దండను రసాయనికంగానే కట్టేది మన దేశపు జెనరిక్ తయారీదారుల్లో కొందరు ఎంచుకున్న దారి. మన దేశంలో దాని ప్రధాన పేటెంట్ గడువు 2026 మార్చితో తీరింది. ధరలు దిగడం మంచిదే, నేను ఆ పక్షమే. కానీ ధర దిగేది ద్రావకం పొదుపుతోనో, దిగుబడి పెంచడంతోనో కావాలి. కాలమ్‌ను ఒకసారి తక్కువగా తిప్పడంతో కాకూడదు.

కవల సోదరులు కాస్త కలిస్తే వచ్చే నష్టమేమిటంటే, మన రోగనిరోధక వ్యవస్థకు ఒక్క పూస తేడా కూడా కొత్త ముఖమే. దానికి వ్యతిరేకంగా యాంటీబాడీలు పుడితే అవి అసలు మందును, ఒక్కోసారి మన సొంత హార్మోనును కూడా పట్టుకోవచ్చు. కొన్ని పెప్టైడ్ల జెనరిక్ రూపాల గురించి ఎఫ్‌డీఏ 2021లో ఇచ్చిన మార్గదర్శకాల్లో, 0.1 శాతం నుంచి ఉన్న ప్రతి మలినాన్నీ గుర్తించాలనీ, అసలు మందులో లేని కొత్త మలినం 0.5 శాతం మించకూడదనీ ఉంది. డయాలిసిస్ రోగుల రక్తహీనతకు 2012 మార్చిలో అనుమతి పొందిన పెగినెసటైడ్ అనే కృత్రిమ పెప్టైడ్‌ను, ప్రాణాలు తీసేంత తీవ్రమైన అలర్జీలు కనబడటంతో 2013 ఫిబ్రవరిలో, అంటే ఏడాది కూడా నిండకముందే, మార్కెట్ నుంచి వెనక్కి తీసుకున్నారు. అన్ని పరీక్షల్లో నెగ్గి, నియమాల ప్రకారం తయారైన మందు కూడా అలా ఎదురు తిరగగలదు.

ఇక లేబుల్ మీది 99 శాతం నిజమే అనుకుందాం. అది పటంలో కనిపించిన శిఖరాల వైశాల్యంలో 99 శాతం. ఆ పొడిలో పట్టుకున్న తేమ ఎంతో, పెప్టైడ్‌ను అంటుకుని ఉన్న ఆమ్లపు లవణం ఎంతో ఆ పటంలో కనిపించదు; తూకం వేస్తే పెప్టైడ్ 85 శాతమే ఉన్నా శిఖరం 99 చూపించగలదు. బ్యాక్టీరియా విషాలు అందులో కనిపించవు. సూక్ష్మజీవులు ఉన్నాయో లేవో అసలే చెప్పదు. ముఖాలు తిరగబడిన హిస్టిడిన్ అసలు శిఖరం వెనక దాక్కుని ఉంటే, దాన్ని కూడా కలిపే 99 అని రాస్తారు. సూదితో చర్మం కిందికి ఎక్కించుకునే పదార్థానికి ఇవన్నీ విడివిడిగా తేల్చే పరీక్షలు ఉన్నాయి, ఆ సీసాతో పాటు వచ్చిన ఒక్క కాగితం ముక్కలో వాటి ఊసే లేదు.

ఇదంతా పోయిన ఆదివారం భోజనాల దగ్గర చెబితే మా బావమరిది ఓపికగా విన్నాడు. "అయితే బావా, మాత్ర కూడా ఉందటగా, అది వేసుకుంటే?" అన్నాడు. ఉంది. పరగడుపున గుక్కెడు నీళ్లతో మింగి అరగంట ఆగాలి. దానిలో కలిపిన ఎస్‌నాక్ అనే పదార్థం జీర్ణాశయపు గోడ దగ్గర కాస్త దారి చేస్తే, మింగినదాంట్లో దాదాపు ఒక్క శాతమే రక్తంలోకి చేరుతుంది. అందుకే వారానికి ఒక మిల్లీగ్రాము సూదితో సరిపోయేచోట రోజుకు 14 మిల్లీగ్రాముల దాకా మాత్ర కావలసి వస్తుంది. అదైనా డాక్టరు రాస్తేనే అని చెప్పాను. వాడు తల ఊపి, జేబులోంచి సీసా తీసి బల్ల మీద పెట్టాడు. అప్పటికే డబ్బులిచ్చి కొన్నాడట.

ఆ సీసా ఇప్పుడు మా ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె వెనకాల ఉంది. దాన్ని కంపెనీ యంత్రంలో పెట్టి చూసే అధికారం నాకు లేదు, పారేయడానికి వాడు ఒప్పుకోవడం లేదు. అందులో ఏముందోనని రోజూ పెరుగు తీసినప్పుడల్లా ఒకసారి వెలుతురుకు ఎత్తిపట్టి చూస్తున్నాను.