నా అనుభవం: టేబుల్‌ని పక్కనపెట్టి డిప్ కొలిచాను

ఏప్రిల్ ఎండలో పర్షియన్ గల్ఫ్‌లో నూన్ సైట్‌తో (మధ్యాహ్నం సెక్స్టెంట్ అనే కోణాలు కొలిచే పరికరంతో సూర్యుడి ఎత్తును, అంటే హొరైజన్ పైన కోణాన్ని, తీసి లాటిట్యూడ్ తెలుసుకోవడం) పాటు డిప్ కూడా కొలిచాను. డిప్ అంటే మన కన్ను నీటికి పైన ఉన్నందువల్ల హొరైజన్ సమతలం కన్నా ఎంత కోణం కిందికి కనిపిస్తుందో అది. మామూలుగా కంటి ఎత్తును బట్టి దాన్ని టేబుల్‌లో చూసి, కొలిచిన ఎత్తులోంచి తీసేస్తాం. మర్చిపోకముందే రాస్తున్నాను.

కంటి ఎత్తు తేలిక. కీల్ (ఓడ అడుగు) నుంచి బ్రిడ్జి వింగ్ (మనం నిలబడే పక్క వసారా) ఎత్తులో డ్రాఫ్ట్ (నీళ్లలో మునిగిన లోతు) తీసేస్తే చాలు. మాకు 25 మీటర్లు. గోడకు అంటించిన పాత కార్డును మాత్రం నమ్మకండి. సరుకు దించి బ్యాలస్ట్ (బరువు కోసం నింపే నీళ్లు) మీద 31 మీటర్లకు లేస్తే డిప్ 8.8 నిమిషాల (డిగ్రీలో అరవయ్యో వంతులు) నుంచి 9.8 అవుతుంది. ఎత్తులో ఒక నిమిషం తప్పు అంటే పొజిషన్‌లో ఒక నాటికల్ మైలు, అది అక్కడే పోయింది.

ఇండెక్స్ ఎర్రర్‌ను (సున్నా దగ్గర సెక్స్టెంట్ చూపే తప్పు) సైట్‌కి ముందూ తర్వాతా చూడాలి. ఈ పద్ధతిలో తీసే రెండు రీడింగుల్లోనూ అదే తప్పు చేరుతుంది కాబట్టి చివర్లో సగం చేసినా మొత్తం డిప్‌లోనే మిగులుతుంది. ప్లాస్టిక్ సెక్స్టెంట్‌తో ఈ పని వద్దు, ఎండకి అద్దాలు కదిలిపోతాయి.

ఇక అసలు తలనొప్పి. సూర్యుడి వైపు హొరైజన్ నుంచి ఒకసారి, వీపు సూర్యుడికి పెట్టి ఎదుటి హొరైజన్ నుంచి ఒకసారి ఎత్తు తీయాలి. రెండూ కలిపితే 180 డిగ్రీలకు రెండు డిప్‌లు ఎక్కువ రావాలి. వినడానికి ఇంతే. కానీ వెనక సైట్‌లో అన్నీ తలకిందులు. సెక్స్టెంట్‌ను ఊపితే బింబం గిన్నెలా కాక బోర్లించిన గిన్నెలా తిరుగుతుంది, నీటికి తాకించాల్సింది ఆ వంపులో అన్నిటికన్నా పైనున్న బిందువుని. పైగా అక్కడ కింద కనిపించే అంచు నిజానికి సూర్యుడి పై అంచు! ఇది తెలియకపోతే మొత్తం 180 కూడా దాటదు, సెక్స్టెంట్ పాడైందనుకుంటారు. రెండుసార్లూ కింద కనిపించే అంచునే తాకించి, ఆ రోజు అల్మనాక్‌లోని (నావికుల పంచాంగం) సెమీడయామీటర్‌ను (సూర్యబింబంలో సగం వెడల్పు) రెండింతలు చేసి కలిపేయడం సుఖం.

ఇండెక్స్ ఎర్రర్ సవరించాక నా అంకెలు: ముందు 70°09.6′, వెనక 109°31.2′. మొత్తం 179°40.8′. దానికి 32.0′ కలిపితే 180°12.8′. 180 పైన ఉన్నదాన్ని సగం చేస్తే డిప్ 6.4′. టేబుల్ చెప్పేది 8.8′. తేడా 2.4 మైళ్లు, అంత మేర లాటిట్యూడ్ ఉత్తరానికి జరిగిపోయేది.

కారణం గాలి. టేబుల్‌లోని 1.76 × √కంటి ఎత్తు (మీటర్లలో) సూత్రం మామూలు వక్రీభవనాన్ని (గాలిలో కాంతి వంగడం) ఊహించుకుని కట్టింది. నీటి కన్నా గాలి వేడిగా ఉంటే హొరైజన్ పైకి లేస్తుంది, డిప్ తగ్గుతుంది. చల్లగాలి వెచ్చని నీటి మీద ఉంటే పెరుగుతుంది. కోచింగుల్లో ఈ ముక్క ఒక్క నిమిషంలో దాటేసి, టేబుల్‌ను వేదంలా బట్టీ పట్టిస్తారు. ఓరల్స్‌లో (మౌఖిక పరీక్షల్లో) అడిగేదీ టేబులే. ఎర్ర సముద్రంలో, గల్ఫ్‌లో వాళ్లు సైట్లు తీసి చూపిస్తే బాగుండేది.

సూర్యుడు ఆ రోజు అత్యంత ఎత్తుకు చేరే ముందు నిమిషానికి ఒకటి, దాటిన నిమిషానికి ఇంకొకటి తీస్తే ఎత్తు మార్పు రద్దవుతుంది. ఎత్తు 85 డిగ్రీలు దాటితే అజిమత్ (సూర్యుడున్న దిక్కు) పరుగెడుతుంది, వదిలేయండి. 60 కన్నా తక్కువైతే వెనక కోణం చాలా సెక్స్టెంట్ల ఆర్క్‌లో (డిగ్రీల స్కేలు) పట్టదు, కాబట్టి గల్ఫ్ చలికాలంలో ఈ పద్ధతి కుదరదు. ఒకవైపు తీరం దగ్గరగా ఉన్నా పనికిరాదు. అలాంటప్పుడు సంధ్యవేళ చుట్టూ సమానంగా, 120 డిగ్రీల ఎడంతో మూడు నక్షత్రాలు తీసి, ఒక్కో నక్షత్రం ఇచ్చే పొజిషన్ గీతను చార్టు మీద గీసి, ఆ మూడు గీతల త్రిభుజం మధ్యన పొజిషన్ పెట్టండి. మూడింటికీ డిప్ తప్పు ఒకేలా ఉంటే అది అక్కడ కొట్టుకుపోతుంది.