తీర్మానాల పుస్తకం చూపించమని అడిగాను

మా ఊళ్లో గ్రామసభ చివరిసారి ఎప్పుడు జరిగిందో ఎవరినడిగినా చెప్పలేకపోయేవారు. తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం 2018 ప్రకారం రెండు నెలలకోసారైనా జరగాలి. కాగితాల మీద జరుగుతూనే ఉంది. ఈ-గ్రామస్వరాజ్ వెబ్‌సైట్‌లో మా పంచాయతీ లెక్కలు తీస్తే, మా వాడలో మురుగుకాల్వ రిపేరుకు బిల్లు చెల్లించినట్టు కనిపించింది. కాల్వ చూస్తే ఎట్లున్నది అట్లనే ఉంది.

సమాచార హక్కు దరఖాస్తు పెట్టాను. గ్రామస్థాయిలో దీనికి ఫీజు లేదు, ఈ సంగతి చాలామందికి తెలియదు. 'పని ఎందుకు చేయలేదు' అని అడిగితే జవాబు రాదు, ఉన్న రికార్డునే అడగాలి. అందుకే గ్రామసభ తీర్మానాలు, బిల్లు ఓచర్లు, ఇంజినీరు కొలతలు రాసే ఎంబీ పుస్తకం, ఈ మూడింటి నకళ్లు కావాలని రాశాను.

"ఇవన్నీ నీకెందుకన్నా, ఊళ్లో లేనిపోని లొల్లి" అన్నాడు సెక్రటరీ. రెండో కాపీ మీద ముద్ర, తేదీ వేయించుకున్నాకే బయటికొచ్చాను. అది లేకపోతే వాళ్లు జవాబివ్వాల్సిన 30 రోజుల గడువు ఎప్పటినుంచి మొదలైందో తేలదు.

గడువు దాటినా ఉలుకూ పలుకూ లేదు. మొదటి అప్పీలు వేశాక పిలిచి పుస్తకం ముందుపెట్టారు. ఒక సభ పేజీలో కింద సంతకాలు వరసగా ఉన్నాయి, పైన తీర్మానం రాయాల్సిన చోటు తెల్లగానే ఉంది. ఇంకో పేజీలో మా పెద్దమ్మ పేరు పక్కన వేలిముద్ర. ఆమె చదువుకున్న మనిషి, ఎక్కడైనా సంతకమే పెడుతుంది. ఇంటికెళ్లి అడిగితే, "నన్నెవరు పిలిచిండ్రు బిడ్డా?" అంది. ఆమె పేరు చెప్పి ఊరి డబ్బు ఖర్చుపెట్టారు, ఆమెకు మాటమాత్రం చెప్పలేదు. నాకు కోపం కన్నా బాధే ఎక్కువైంది.

ఆ నకళ్లు పట్టుకుని మహిళా సంఘం వాళ్లతో కలిసి తర్వాతి గ్రామసభకు వెళ్లాను. చెక్కు మీద సర్పంచ్, ఉపసర్పంచ్ ఇద్దరి సంతకాలూ ఉన్నాయి కాబట్టి ఇద్దరినీ అడిగాం. మాటామాటా పెరిగింది. చివరికి, తీర్మానం అందరి ముందు చదివాకే సంతకాలు తీసుకోవాలని ఆ పుస్తకంలోనే రాయించాం. ఇప్పుడు సభకు ముందు డప్పు చాటింపు వేస్తున్నారు.

ఎంబీ నకలు మాత్రం ఇంకా ఇవ్వలేదు. దానికోసం రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు పంపాను. దానికి గడువు 90 రోజులు, మీరు పెట్టేటప్పుడు ఆ తేదీ దాటనివ్వకండి.