వాయులీనం, కెమెరా, రాత్రి లేని లోయ

ఉత్తర నార్వేలోని మాన్‌దాలెన్ లోయలో ఏటా జూలైలో జరిగే రిద్దు రిద్దు ఉత్సవంలో వాయులీనం వాయించడానికి వెళ్లినప్పుడు కెమెరాను కూడా వెంట తీసుకువెళ్లాను. ఆ ఉత్తర ప్రాంతపు ఆదివాసులైన సామీలలో తీరప్రాంతపు యువత 1991లో ప్రారంభించిన ఉత్సవం అది. తీరాన రేగే చిన్న తుఫాను అని ఆ పేరుకు అర్థం. తరాల పాటు బడిలో పిల్లలను సామీ భాష మాట్లాడనివ్వని చోట, రెండు భాషల్లో పేర్లు రాసిన దారి పలకలను తుపాకులతో కాల్చిన చోట, ఆ పేరు ఎంత తగినదో అక్కడ నిలబడినప్పుడే నాకు తెలిసింది.

కచేరీకి అయిదు స్వరాల రాగమైన మోహనం ఎంచుకున్నాను. ఉత్తర సామీల యోయిక్ గానంలో అయిదు స్వరాల వరుసలు తరచుగా వినిపిస్తాయి కనుక మోహనం ఆ శ్రోతలకు పరాయిగా తోచదని ఆశపడ్డాను. వెచ్చని గుడారంలో శ్రుతి చేసుకుని చలిగాలి వీస్తున్న వేదిక ఎక్కేసరికి ఉక్కు తీగలు బిగుసుకుని శ్రుతి పెరిగింది. వేళ్లు కొంకర్లు పోయి ఆలాపన ఆరంభంలో గమకాలు పలకలేదు. నేను ఆపి మళ్లీ శ్రుతి చేసుకునేంత వరకూ సభ నిశ్శబ్దంగా వేచి ఉంది. ఆ ఓపికకు ఇప్పటికీ రుణపడి ఉన్నాను.

ఫొటోలకు వెలుతురు కొరత లేదు. ఆ రోజుల్లో అక్కడ అర్ధరాత్రి కూడా చీకటి పడదు. సూర్యుడు కొండచాటుకు వెళ్లాక, ముఖాల మీద కరకు నీడలు పడని మెత్తని వెలుగు గంటల తరబడి నిలుస్తుంది. మొదటి రోజు విరివిగా తీశాను, ముఖ్యంగా గాక్తి అనే సంప్రదాయ దుస్తులు ధరించినవారిని.

మరునాడు లావ్వు గుడారంలో నిప్పు పక్కన కూర్చున్న ఒక పెద్దావిడ నాకు ఒక సంగతి చెప్పారు. యోయిక్ మనిషిని గురించి చెప్పేది కాదట, ఆ మనిషినే గొంతులోకి తెచ్చేదట. కట్టినవారి కంటే, ఎవరి మీద కట్టారో వారికే అది చెందుతుందట. కృతిలో వాగ్గేయకారుని ముద్ర కోసం చెవి ఒగ్గే సంప్రదాయంలో పెరిగిన నాకు ఈ మాట వెంటనే మింగుడు పడలేదు. ఆ రాత్రి కెమెరాలోని బొమ్మలు చూసుకుంటున్నప్పుడు, వాటిలో ఉన్నవారిలో చాలామందిని నేను పలకరించనైనా లేదని గ్రహించి సిగ్గుపడ్డాను.

మూడో రోజు తక్కువ తీశాను. ముందు మాట్లాడి, అనుమతి అడిగి, తీసినది చూపించి, వద్దన్నవాటిని వారి ఎదుటే చెరిపివేశాను. ఆ పెద్దావిడ, నేను ఎంతో మెచ్చుకున్న, తాను కళ్లు మూసుకుని పాడుతున్న బొమ్మను తీసివేయమని, నిప్పులోకి కట్టె తోస్తూ పక్కకు తిరిగి ఉన్నదానిని మాత్రం ఉంచమన్నారు. దానిని అచ్చు వేయించి ఆమెకు పంపాను, మరెక్కడా ప్రచురించలేదు.