నలభైమూడు చెట్లు

ఆదివారం. అరసవల్లి వెళ్లే ఆటోల హారన్లతో తెల్లవారింది. నేనూ దర్శనానికి వెళ్దామనుకున్నాను గానీ, దిద్దాల్సిన ఇంగ్లీషు పేపర్లు ఇంకా మిగిలి ఉన్నాయి. ఇడ్లీ తినేసి అరుగు మీద కూర్చున్నాను. మధ్యాహ్నానికి కట్ట ఖాళీ అయింది. ఎక్కువమంది చేసిన తప్పు ఒక్కటే: 'డిడ్ నాట్ హ్యాడ్'. భూతకాలం 'డిడ్' దగ్గరే అయిపోయింది కనుక తర్వాత 'హ్యావ్' రావాలని ఎన్నిసార్లు చెప్పానో. పిల్లలకు ఒకచోట భూతకాలం చూపిస్తే చాలదనిపిస్తుంది కాబోలు.

నాలుగింటికి ఎదురింటి అమ్మాయి వచ్చింది. తొమ్మిదో తరగతి. వాళ్లది ఉద్దానం, మన జిల్లాలో కొబ్బరి తోటల ప్రాంతం. తిత్లీ తుపాను తర్వాత వాళ్ల నాన్న ఇక్కడికి, శ్రీకాకుళం వచ్చి, ఆటో తోలుతున్నాడు. బడిలో 'మా ఊరు' మీద వ్యాసం రాయమన్నారట. పుస్తకం నా ముందు పెట్టి నిలబడింది.

'వియ్ హ్యాడ్ మచ్ కోకోనట్ ట్రీస్. నౌ వియ్ హ్యావ్ ఫ్యూ ట్రీస్.'

ఎర్ర పెన్ను తీసి 'మచ్' కొట్టేసి 'మెనీ' అని రాశాను. లెక్కపెట్టగలిగే వాటికి మెనీ, లెక్కపెట్టలేని వాటికి మచ్ అన్నాను. "మరి మేడమ్, డబ్బులు లెక్కపెడతాం కదా, మనీకి మచ్ ఎందుకు?" అంది. రూపాయలు లెక్కపెడతాం గానీ ఇంగ్లీషులో మనీ అనే మాటకు బహువచనం వాడరని చెప్పాను. ఊరుకుంది, కానీ తృప్తి పడలేదు. ఆ పిల్ల అడిగిందాంట్లో న్యాయం ఉంది. మనకూ 'ఎన్ని', 'ఎంత' అని రెండున్నాయి, కొన్ని, కొంత ఉన్నాయి. అవే మెనీకి, మచ్‌కి గుర్తుగా పెట్టుకోమని నేనే క్లాసులో చెబుతుంటాను. అయితే మనం నీళ్లను, పాలను బహువచనంలో అంటాం. 'ఎన్ని నీళ్లు పొయ్యాలి?' అని వంటింట్లో రోజూ అడుగుతాం. ఆ నోటితో ఇంగ్లీషు నీళ్లకు మెనీ అనడం తెలివితక్కువ ఎలా అవుతుంది? మనుషుల దగ్గరికొస్తే మనకు ఇంకొకటి కూడా ఉంది, 'ఎంతమంది'. ఇంగ్లీషుకు చెట్టయినా మనిషైనా మెనీయే.

ఇంకో సంగతి కూడా చెప్పాను. 'వియ్ హ్యాడ్ మచ్ మనీ' అని రాస్తే నియమం ప్రకారం తప్పేమీ లేదు. కానీ ఇంగ్లీషు పుట్టుభాషగా ఉన్నవాళ్లు మామూలు మాటల్లో అలా అనరు, 'ఎ లాట్ ఆఫ్ మనీ' అంటారు. లేదన్నప్పుడు, ఉందా అని అడిగినప్పుడు మచ్ హాయిగా వచ్చేస్తుంది: 'వియ్ డిడ్ నాట్ హ్యావ్ మచ్ రైస్'. ముందు 'టూ'నో 'సో'నో చేరినా ఇబ్బంది లేదు. ఇన్నేళ్లుగా నేను 'హ్యాడ్ మచ్' కనిపించిన చోటల్లా టిక్కు పెట్టి వదిలేశాను, పుస్తకంలో ఒప్పే కదా అని. అది మాట్లాడేవాళ్ల నోట ఎలా పలుకుతుందో చెప్పలేదు. మన జిల్లా పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి గారు సవర గిరిజనుల మాట వాళ్ల నోటి నుంచే నేర్చుకుని వ్యాకరణం రాశారు. ఆగస్టు 29న బడిలో ఆయన పటానికి దండ వేసే నేను ఈ పని చేసి ఉండాల్సింది.

ఇంతలో ఆ పిల్ల నాన్న వచ్చి మెట్ల మీద కూర్చున్నాడు. కూతురు రాసింది చదివి తెలుగులో చెప్పమన్నాడు. చెప్పింది: "మాకు చాలా కొబ్బరి చెట్లు ఉండేవి. ఇప్పుడు కొన్నే ఉన్నాయి."

"కొన్నే ఏటి? కొన్నైనా మిగిల్నాయి అని రాయి," అన్నాడు.

నా చేతిలో పెన్ను ఆగిపోయింది. ఉత్త 'ఫ్యూ' అంటే కొన్నే, ఇంచుమించు లేనట్టే. ముందు 'ఎ' పెడితే కొన్నైనా ఉన్నాయని. ఇంగ్లీషు ఒక్క అక్షరంతో చేసే పనిని మన 'ఏ', 'ఐనా' చేస్తున్నాయి. ఏటా ఈ తేడాను బోర్డు మీద గీత గీసి చెబుతాను. ఇంగ్లీషు రాని ఆయన దాన్ని ఒక్క మాటలో పట్టుకున్నాడు. ఎందుకంటే ఆ చెట్లు ఆయనవి. ఆ పిల్ల 'ఫ్యూ' ముందు 'ఎ' చేర్చింది.

ఆయన అక్కడితో ఆగలేదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తుపాను తీరం దాటిన సంగతి చెప్పుకొచ్చాడు. ఇంటి తలుపుకు వీపు ఆనించి కూర్చున్నారట అందరూ. వెలుగొచ్చాక చూస్తే తోటలో చెట్లన్నీ ఒకే దిక్కుకు పడి ఉన్నాయట. కొబ్బరి మొక్క నాటితే కాపుకు రావడానికి ఆరేడేళ్లు. ఆరేడేళ్లు ఏం తిని బతకాలి?

వింటూ నేను వాక్యం వైపే చూస్తున్నాను. 'వియ్ హ్యాడ్' అన్నప్పుడు ముందు మనిషి ఉన్నాడు, వస్తువు ఆయన చేతిలో ఉంది. ఐ అయినా షీ అయినా దే అయినా అదే హ్యాడ్, అది మారదు. మన వాక్యంలో 'కలిగి' అనే క్రియను రోజువారీ మాటల్లో ఎవరూ వాడరు. 'మాకు చెట్లు ఉండేవి' అంటే కర్త చెట్లే. డబ్బయితే ఉండేది, అన్నదమ్ములైతే ఉండేవారు. ఉన్నదాన్ని బట్టి క్రియ మారుతుంది, మనిషి 'కు' పట్టుకుని పక్కన నిలబడతాడు. పైగా 'ఉండేవి' అనగానే ఇప్పుడు లేవన్న బాధ వినిపిస్తుంది. హ్యాడ్‌లో కూడా ఆ ఛాయ ఉందని పుస్తకాలు చెబుతాయి. నాకు మాత్రం ఆ మాట ఇవాళ ఆయన నోట 'ఉండీవి' అని విన్నప్పుడే తగిలింది.

"మెనీ అంటే ఎన్నని అవ్వుద్ది మేడమ్?" అని అడిగాడు ఆయన.

"చాలా అని అండి. ఎన్నో చెప్పదు."

"అలాగైతే ఎలాగ? మావి నలపైమూడు సెట్లు. మా నాన్న వాటాకొచ్చినవి. నలపైమూడని రాయమనండి."

ఆ పిల్ల నా వైపు చూసింది. నేను తలూపాను. నేను ఎర్ర పెన్నుతో రాసిన 'మెనీ'ని తనే కొట్టేసి 43 అని వేసింది. తర్వాత 'ఎ ఫ్యూ' మీద పెన్ను ఆనించి, "ఇక్కడ కూడా ఎన్నో రాయనా నాన్నా?" అంది.

"ఏడు," అన్నాడు. "అందులో ఒకటి ఒంగిపోయింది గానీ కాస్తంది."