కో ఫంగన్ పౌర్ణమి పార్టీ: వెళ్ళి రావడం ఎలా (నా అనుభవం)

థాయ్‌లాండ్ సింధుశాఖలో, కో సముయ్ దీవికి ఉత్తరాన పదిహేను కిలోమీటర్ల దూరంలో ఉంటుంది కో ఫంగన్. మొత్తం విస్తీర్ణం సుమారు 125 చదరపు కిలోమీటర్లు. విమానాశ్రయం లేదు, పడవ ఎక్కి తీరాల్సిందే. దీవి ఆగ్నేయ మూలన ఉన్న హాద్ రిన్ బీచ్‌లో 1980లలో కొద్దిమంది యాత్రికులతో మొదలైన పౌర్ణమి పార్టీకి (నెలకోసారి, పౌర్ణమి రాత్రంతా సాగే బీచ్ పార్టీ) ఇప్పుడు సీజన్‌లో ఇరవై, ముప్ఫై వేల మంది వస్తారు. ఈ ఒక్క రాత్రి కోసం వెళ్ళేవాళ్ళకు చిక్కులు ఎక్కువగా వచ్చేది పార్టీలో కాదు, దాని ముందూ వెనకా. పడవలో సీటు, గది, కొండ రోడ్డు, తెల్లవారుజామున గదికి చేరడం, ఈ నాలుగూ కుదిరితే మిగతాది సాఫీగా సాగిపోతుంది. అందుకే నేను ప్రయాణాన్ని పార్టీ రాత్రి దగ్గర మొదలుపెట్టి వెనక్కి లెక్క వేసుకుంటాను: దీవికి రెండు రోజుల ముందు చేరాలి, పార్టీ మర్నాడు కాక ఆ తర్వాతి రోజు బయలుదేరాలి.

ముందు తేదీ తేల్చుకోవాలి. క్యాలెండర్‌లో పౌర్ణమి చూసి విమానం టికెట్ కొనేయకండి. బౌద్ధుల పెద్ద పండుగలు పౌర్ణమి నాడే వస్తాయి: మాఖ బుచా, విశాఖ బుచా, ఆసాల్హ బుచా, బౌద్ధ భిక్షువుల వానాకాల వ్రతం (వర్షావాసం) ముగిసే ఓక్ ఫన్సా. ఆ రోజుల్లో మద్యం అమ్మకాల మీద ఆంక్షలు ఉంటాయి కాబట్టి పార్టీని ఒక రోజు అటో ఇటో జరుపుతారు. మన మాఘ, వైశాఖ, ఆషాఢ, ఆశ్వయుజ పౌర్ణములకు సరిపోయే పండుగలే ఇవి. కానీ వాళ్ళ అధిక మాసం లెక్క వేరు, కొన్ని ఏళ్ళలో నెల తేడా వచ్చేస్తుంది. 2026లో మన మాఘ పౌర్ణమి ఫిబ్రవరి 1న అయితే వాళ్ళ మాఖ బుచా మార్చి 3. పంచాంగం మీద ఆధారపడితే లాభం లేదు. ఆ ఏడాది పార్టీ తేదీల పట్టికను హాద్ రిన్ హోటళ్ళు ముందే ప్రకటిస్తాయి. రెండు మూడు చోట్ల ఒకే తేదీ కనిపించాకే డబ్బు కట్టండి.

వానాకాలం సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఫుకెట్ వైపు వానలు పడే జూన్ నుంచి సెప్టెంబర్ వరకు కో ఫంగన్ చాలావరకు పొడిగానే ఉంటుంది. ఇక్కడ అసలు వాన అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా, నవంబర్‌లో మరీ ఎక్కువ. నెల్లూరుకు, చెన్నైకి వానలు తెచ్చే ఈశాన్య రుతుపవనాలే దీన్నీ తడిపేస్తాయి. అప్పుడు సముద్రం లేచి పడవలు రద్దవుతాయి. దీపావళి సెలవుల్లో చవక టికెట్ దొరికిందంటే కారణం సగం ఇదే. నన్నడిగితే ఫిబ్రవరి, మార్చి మంచివి. డిసెంబర్ 31, దాని దగ్గరి పౌర్ణమి మాత్రం జనంతో, ధరలతో బెంబేలెత్తిస్తాయి.

కాగితాలు ఎక్కువేం లేవు. 2024 జులై నుంచి భారతీయులకు వీసా లేకుండా 60 రోజుల వరకు అనుమతి ఇచ్చారు. ఈ నిబంధన మారే అవకాశం ఉన్నది కాబట్టి బుకింగ్ రోజునా, బయలుదేరే వారమూ మళ్ళీ చూసుకోండి. 2025 మే 1 నుంచి డిజిటల్ అరైవల్ కార్డు తప్పనిసరి. దిగడానికి మూడు రోజుల ముందు నుంచి ఆన్‌లైన్‌లో నింపవచ్చు, పైసా ఖర్చు లేదు. డబ్బు అడిగే సైటు కనిపిస్తే అది ప్రభుత్వానిది కాదని అర్థం. తిరుగు టికెట్, హోటల్ బుకింగ్ ప్రింటు తీసి పెట్టుకోండి. చేతిలో ఖర్చులకు సరిపడా డబ్బు చూపమని ఇమిగ్రేషన్‌లో అడగవచ్చు. ఈ-సిగరెట్లు, వేప్‌లు సూట్‌కేసులో ఉంటే ఇంట్లోనే వదిలేయండి. థాయ్‌లాండ్‌లోకి వాటిని తేవడమే నేరం.

స్కూటర్ నడిపే ఆలోచన ఉంటే బయలుదేరే ముందే మన రవాణా శాఖ నుంచి అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ తీసుకోండి. ఏడాది చెల్లుతుంది. అందులో మోటార్‌సైకిల్ కేటగిరీ మీద ముద్ర ఉందో లేదో ఆఫీసులోనే సరిచూసుకోవాలి. కారు లైసెన్స్ మాత్రమే ఉన్నవాళ్ళు స్కూటర్ మీద పడితే ఇన్సూరెన్స్ కంపెనీ మొదట పట్టుకునేది ఈ లోపాన్నే. హెల్మెట్ లేకున్నా, తాగి నడిపినా అంతే, క్లెయిమ్ రాదు.

ఇక దారి. హైదరాబాద్ నుంచి విమానాలు బ్యాంకాక్‌లో సువర్ణభూమికో, డాన్ మువాంగ్‌కో చేరతాయి. ఈ రెండింటి మధ్య తర్వాతి విమానం టికెట్ చూపితే ఉచితంగా తీసుకెళ్ళే బస్సు ఉంది. ట్రాఫిక్ ఉంటే గంటన్నర కూడా పడుతుంది. అక్కడి నుంచి దీవికి మూడు రకాలుగా వెళ్ళవచ్చు. తేలికైనది సముయ్‌కి విమానం, అక్కడి నుంచి అరగంట పడవ. కానీ సముయ్ విమానాశ్రయం ఒక విమాన సంస్థ సొంతం, ఛార్జీలు ఆ మేరకే ఉంటాయి. రెండోది రాత్రి రైలు: బ్యాంకాక్‌లోని క్రుంగ్ థెప్ అఫివాట్ స్టేషన్‌లో ఎక్కి తెల్లారేసరికి, దీవికి పడవలు వెళ్ళే వైపు ఒడ్డున ఉన్న సూరత్ థానీలో దిగవచ్చు. దక్షిణం వైపు దూరపు రైళ్ళు 2023 జనవరి నుంచి పాత హువా లంఫోంగ్ నుంచి కాక ఇక్కడి నుంచే నడుస్తున్నాయి. పాత సమాచారం నమ్మి అక్కడికి పోతే రైలు తప్పిపోతుంది. మూడోది, ధరకూ సమయానికీ నాకు బాగా నచ్చినది: డాన్ మువాంగ్ నుంచి సూరత్ థానీకి గంటకు కాస్త ఎక్కువ పట్టే విమానం, ఆపైన బస్సు, పడవ కలిపిన ఒకే టికెట్.

ఆ కలిపిన టికెట్ ఎలా నడుస్తుందో తెలిస్తే గాభరా ఉండదు. సూరత్ థానీ విమానాశ్రయంలో పడవ కంపెనీ కౌంటర్ ఉంటుంది. బుకింగ్ చూపగానే చొక్కాకి ఒక రంగు స్టిక్కర్ అంటిస్తారు. మిమ్మల్ని ఏ బస్సు, ఏ పడవ ఎక్కించాలో సిబ్బంది ఆ రంగు చూసే చెబుతారు, పీకి పారేయకండి. విమానాశ్రయం నుంచి డోన్‌సక్ రేవుకు గంటన్నర నుంచి రెండు గంటలు. అక్కడి నుంచి కార్లు ఎక్కించుకునే పెద్ద ఫెర్రీ అయితే కో ఫంగన్ ప్రధాన రేవు తోంగ్ సాలాకు రెండున్నర గంటలు, కాటమరాన్ (వేగంగా పోయే జంట అడుగుల పడవ) అయితే అంతకన్నా త్వరగా. ఆఖరి పడవలు సాయంత్రానికే వెళ్ళిపోతాయి కాబట్టి మధ్యాహ్నం ఒంటి గంటలోపు సూరత్ థానీలో దిగే విమానమే చూసుకోండి. విమానం ఆలస్యమైతే పడవ కంపెనీ ఆగదు. అలాంటప్పుడు సూరత్ థానీ ఊళ్ళో ఒక రాత్రి ఉండి పొద్దున్నే వెళ్ళడం మంచిది.

వాంతుల భయం ఉన్నవాళ్ళు పెద్ద ఫెర్రీ ఎక్కండి. వేగంగా పోయే కాటమరాన్ అలల మీద బాగా ఊగుతుంది. మాత్ర పడవ ఎక్కడానికి అరగంట ముందే వేసుకోవాలి, తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే అంతగా పనిచేయదు. కింది అంతస్తులో, పడవ మధ్య నుంచి వెనక వైపు సీటు మేలు.

గది ఎక్కడ తీసుకోవాలన్నదే అన్నింటికన్నా పెద్ద నిర్ణయం. హాద్ రిన్‌లో గది ఉంటే పార్టీ నుంచి నడిచి వచ్చి పడుకోవచ్చు, దాని విలువ తెల్లవారుజామున నాలుగు గంటలకు తెలుస్తుంది. అయితే పౌర్ణమి వారంలో అక్కడి హోటళ్ళు మూడు నుంచి ఐదు రాత్రులకు తక్కువ ఇవ్వవు, ధర కూడా పెంచుతాయి, ఆ రాత్రులన్నీ నిద్ర ఉండదు. నా ఓటు బాన్ తాయ్‌కి, లేదా తోంగ్ సాలాకి. దక్షిణ తీరంలోనే ఉన్నాయి, హాద్ రిన్‌కు ఆ రాత్రి షేర్ వాహనాలు వరసగా తిరుగుతాయి. కాకపోతే బాన్ తాయ్ దగ్గర సముద్రం లోతు తక్కువ, పోటు తగ్గినప్పుడు మోకాళ్ళ లోతు కూడా ఉండదు. ఈతకు వెళ్ళాలంటే పడమటి వైపు హాద్ యావో, హాద్ సలాద్, లేక ఉత్తరాన మే హాద్ వెళ్ళాలి. పిల్లలతో వచ్చే కుటుంబాలు ఈశాన్యాన తోంగ్ నాయ్ పాన్‌లో ఉంటే ఈ హడావిడి చెవిన కూడా పడదు.

శాకాహారులకు తోంగ్ సాలా రాత్రి మార్కెట్, పడమటి వైపు శ్రీథాను రెండూ దిక్కు. యోగా కేంద్రాల పుణ్యమా అని శ్రీథానులో శాకాహార హోటళ్ళు చాలా ఉన్నాయి. మామూలు హోటల్‌లో "కూరగాయల ఫ్రైడ్ రైస్" అన్నా అందులో చేపల సాస్ పడుతుంది. "జే" అని అడిగితే మాంసం, చేప, గుడ్డు ఏదీ వేయరు. రెండు పొడులు, ఒక పచ్చడి ప్యాకెట్ వెంట ఉంటే అన్నానికి లోటు రాదు.

ఇప్పుడు రోడ్డు. పార్టీ కన్నా ఎక్కువమందిని ఆసుపత్రికి పంపేది ఇదే, అందుకే గట్టిగా చెబుతున్నాను. బాన్ తాయ్ దాటాక హాద్ రిన్ వెళ్ళే రోడ్డు కొండ మీదుగా నిటారుగా ఎక్కి, అంతే నిటారుగా దిగుతుంది. మలుపుల్లో కాంక్రీటు మీద ఇసుక, వాన పడితే జారుడు. ఆటోమేటిక్ స్కూటర్‌ను దిగుడులో బ్రేకుల మీదే ఆపుతూ పోతే అవి వేడెక్కి పట్టు వదిలేస్తాయి. ముందు బ్రేక్ ఒక్కటే గట్టిగా పట్టుకుంటే ముందు చక్రం జారుతుంది. మన ఊళ్ళో ఇరవై ఏళ్ళు బండి నడిపినా ఈ రోడ్డు మీద రాత్రిపూట నడపకండి. పార్టీ రోజు పికప్ వ్యాన్ వెనక రెండు బెంచీలు వేసిన సోంగ్‌తావ్‌లు తిరుగుతాయి. ఒక్కొక్కరికి 100 నుంచి 200 బాట్ (థాయ్ కరెన్సీ), ధర ఎక్కకముందే తేల్చుకోవాలి. నిండితేనే కదులుతాయి. తిరిగి వచ్చేటప్పుడు తెల్లవారుజామున ఐదున్నర నుంచి ఏడు వరకు రద్దీ విపరీతం. మూడున్నరకు బయటపడితే, లేదా సూర్యోదయం చూసి ఏడున్నర తర్వాత కదిలితే తొక్కిసలాట తప్పుతుంది.

పగలు మిగతా దీవి చూడటానికి స్కూటర్ అద్దె రోజుకు 200 నుంచి 300 బాట్. పాస్‌పోర్ట్ తాకట్టు పెట్టొద్దు, నగదు డిపాజిట్ తీసుకునే దుకాణం వెతకండి. తీసుకునే ముందు నాలుగు వైపులా, చక్రాల అంచులతో సహా గీతలన్నీ దుకాణదారు ఎదుటే వీడియో తీయండి. పాత గీతకు కొత్త డబ్బు అడగడం ఇక్కడ తరచుగా వినిపించే ఫిర్యాదు.

పార్టీకి ప్రవేశ రుసుము ఉంటుంది. చాలాకాలం 100 బాట్ ఉండేది, తర్వాత 200 అయింది. కట్టగానే చేతికి బ్యాండ్ వేస్తారు. రాత్రి పదికి ముందు వెళ్ళి లాభం లేదు, పన్నెండు నుంచి మూడు వరకే అసలు ఊపు. బీచ్ పొడవునా బార్‌కో రకం సంగీతం. ఒక చివర నుంచి మరో చివరకు ఒకసారి నడిచి మీకు నచ్చిన చోటు, మరుగుదొడ్డి ఉన్న చోటు, బయటికి పోయే సందు చూసిపెట్టుకోండి. ఆ శబ్దంలో ఫోన్ వినిపించదు. తప్పిపోతే ఏ గంటకు ఏ బార్ బోర్డు కింద కలవాలో గుంపులో ముందే అనుకోండి.

కాళ్ళకు బూట్లు, మొత్తం మూసి ఉండేవి. ఇసుకలో పగిలిన సీసాలు ఉంటాయి, చెప్పులు జనంలో ఊడిపోతాయి. జేబులో 1500 నుంచి 2000 బాట్, గది తాళం, హోటల్ కార్డు, పాస్‌పోర్ట్ ఫోటో, నీళ్ళు దిగని పౌచ్‌లో ఫోన్. అసలు పాస్‌పోర్ట్, కార్డులు హోటల్ లాకర్‌లో పెట్టండి. ఊరంతా బీచ్‌లో ఉన్న రాత్రే గదుల్లో దొంగతనాలు జరుగుతాయి.

బకెట్ అనేది ఇక్కడి గుర్తింపు: చిన్న ప్లాస్టిక్ బకెట్‌లో సాంగ్సోమ్ లాంటి మద్యం చిన్న సీసా, చిక్కటి థాయ్ ఎనర్జీ డ్రింక్, కోక్ లేదా సోడా, ఐస్, నాలుగైదు స్ట్రాలు. తీపిలో మద్యం ఘాటు తెలియదు, ఎనర్జీ డ్రింక్ వల్ల మత్తు కూడా తెలియదు, రెండూ కలిసి ఒక్కసారిగా పడేస్తాయి. బకెట్ నలుగురు పంచుకోవడానికి. సీసా సీలు మీ కళ్ళముందు విప్పించండి, వేరేవాళ్ళు ఇచ్చినది తాగొద్దు, కింద పెట్టి వెళ్ళినది మళ్ళీ ముట్టొద్దు. తాగనివాళ్ళకు కొబ్బరి నీళ్ళు, పళ్ళ రసాలు అంతటా దొరుకుతాయి.

నిప్పంటించిన తాడుతో స్కిప్పింగ్ ఆడిస్తారు. అది చూడటానికే. తాడు కిరోసిన్‌లో తడిపినది, కాలికి చుట్టుకుంటే బట్ట, చర్మం కలిసి కాలతాయి. కాలితే ఇరవై నిమిషాలు పారే నీళ్ళ కింద పెట్టాలి, టూత్‌పేస్ట్ పూయొద్దు. తోంగ్ సాలా దగ్గర ప్రభుత్వ ఆసుపత్రి ఉంది. పెద్ద కేసులను సముయ్‌కి పంపుతారు.

రాత్రి సముద్రంలో దిగొద్దు. లోపలికి లాగే ప్రవాహాలు ఉంటాయి, చీకట్లో ఎవరూ గమనించరు. పగటి ఈతకు బాక్స్ జెల్లీఫిష్ గురించి తెలిసి ఉండాలి. 2014, 2015లలో ఈ దీవిలోనే దాని వల్ల ప్రాణాలు పోయాయి. చాలా బీచ్‌లలో స్తంభానికి వెనిగర్ సీసాలు ఉంచుతారు. కుట్టిన చోట కనీసం అర నిమిషం ఆపకుండా వెనిగర్ పోయాలి. రుద్దకూడదు, మంచినీళ్ళు పోయకూడదు.

గంజాయి 2022లో చట్టబద్ధమైందని విని ధైర్యం చేసేవాళ్ళకు: 2025 జూన్ నుంచి వైద్యుడి చీటీ లేకుండా అమ్మకూడదు. మత్తు పుట్టగొడుగుల షేక్‌లు, మత్తు మాత్రలు ఎప్పుడూ నేరమే. పార్టీలో మామూలు బట్టల్లో పోలీసులు తిరుగుతారు, దారిలో తనిఖీలు ఉంటాయి.

సముయ్‌లో ఉండి ఆ రాత్రికి మాత్రమే స్పీడ్‌బోటులో వచ్చి పోవడం చాలామంది చేసేదే. నేను వద్దంటాను. చీకట్లో, అలసిన జనంతో నిండిన పడవలు అవి. 2005 జనవరిలో పార్టీ నుంచి సముయ్‌కి తిరిగి వెళ్తున్న స్పీడ్‌బోటు మునిగి పదిమందికి పైగా చనిపోయారు. వెళ్ళక తప్పదంటే లైఫ్ జాకెట్ చేతికి ఇచ్చాకే ఎక్కండి, పరిమితికి మించి జనం ఉంటే దిగిపోండి.

మర్నాడు పడవలన్నీ కిక్కిరిసి ఉంటాయి, రేవులో ఎండలో గంటలు గడుస్తాయి. ఆ రోజు మధ్యాహ్నం దాకా పడుకుని, సాయంత్రం తూర్పు తీరంలోని థాన్ సదెట్ జలపాతానికి వెళ్ళవచ్చు. థాయ్‌లాండ్ రాజు చులాలోంగ్‌కోర్న్ (ఐదో రామ) ఎన్నోసార్లు వచ్చిన చోటు, రాళ్ళ మీద ఆయన చెక్కించిన అక్షరాలు ఉన్నాయి. ఆ తర్వాతి రోజు తోంగ్ సాలాలో పొద్దుటి మొదటి పడవ. సీటు ముందే కొనుక్కుని, బయలుదేరడానికి గంట ముందు రేవులో ఉండండి. సూరత్ థానీ విమానానికీ పడవ బయలుదేరే సమయానికీ మధ్య కనీసం ఏడు గంటలు వదలండి. బ్యాంకాక్‌లో హైదరాబాద్ విమానం వేరే టికెట్ అయితే అదే రోజుకు కాక మర్నాటికి పెట్టుకోండి.