అరచేతి గీతలు

ముందుగా గమనించింది అక్క. "ఏంటే ఇంత నల్లబడ్డావు, ఎండలో తిరుగుతున్నావా?" అంది. గడప దాటి వారాలవుతోందంటే నమ్మలేదు. అప్పటికే లేచి నిలబడితే కళ్లు తిరిగేవి. గోడ పట్టుకుంటే గానీ నాలుగడుగులు పడేవి కావు. ఆరు నెలల్లో తొమ్మిది కిలోలు తగ్గాను. రక్తం తక్కువని ఒకరు, దిగులని ఇంకొకరు మందులు రాశారు. దిగులన్న మాట బాగా బాధపెట్టింది. దిగులుంటే నాకు తెలియదా?

ఎవరికీ చెప్పని సంగతి ఒకటుంది. రాత్రిపూట అందరూ పడుకున్నాక వంటింట్లోకి వెళ్లి, అరచేతిలో ఉప్పు పోసుకుని నాకేదాన్ని. సిగ్గేసేది, అయినా ఆగలేకపోయేదాన్ని.

ఒకరోజు పొద్దున వాంతులు పట్టుకుని మధ్యాహ్నానికి స్పృహ తప్పింది. ఆసుపత్రిలో బీపీ 80/50. రక్తంలో సోడియం 122, ఉండాల్సింది 135 నుంచి 145. పొటాషియం మాత్రం పెరిగింది. ఆ రిపోర్టు చూసి వచ్చిన ఎండోక్రినాలజిస్ట్, అంటే హార్మోన్ల డాక్టర్, "చేతులు చాపమ్మా" అన్నారు. గీతల్లో మసి దూరినట్టు నలుపు. పెదవి పక్కకు లాగి చూస్తే చిగుళ్ల మీదా నల్ల మచ్చలే. "ఉప్పు తినాలనిపిస్తోందా?" అని అడిగారు. నాకు ఏడుపొచ్చేసింది.

అది అడిసన్ వ్యాధి. 1855లోనే థామస్ అడిసన్ అనే ఇంగ్లండ్ వైద్యుడు ఈ నీరసాన్నీ, ఈ నలుపునీ కలిపి రాశాడట.

మూత్రపిండాల మీద టోపీల్లా రెండు అడ్రినల్ గ్రంథులుంటాయి. ఒక్కోటి నాలుగైదు గ్రాములే. వాటి పైపొరలో కార్టిసాల్, ఆల్డోస్టిరాన్ అనే హార్మోన్లు తయారవుతాయి. నా రోగనిరోధక వ్యవస్థే ఆ పొరను శత్రువనుకుని తినేసింది. ఆల్డోస్టిరాన్ లేకపోతే మూత్రపిండాలు ఉప్పును పట్టి ఉంచలేవు, అది మూత్రంలో పోతూనే ఉంటుంది. నా నాలుక అడిగింది అదే!

నలుపు సంగతి ఇంకా వింతగా అనిపించింది. మామూలుగా కార్టిసాల్ తగ్గితే మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి ఏసీటీహెచ్ అనే హార్మోన్ పంపి అడ్రినల్‌ను పని చెయ్యమంటుంది. కార్టిసాల్ చాలినంత రాగానే ఊరుకుంటుంది. నా విషయంలో బదులిచ్చే గ్రంథి లేదు. పిట్యూటరీ పంపుతూనే ఉంది, నెలల తరబడి. ఆ హార్మోన్ మోతాదు మించితే చర్మానికి రంగునిచ్చే కణాలను కూడా కదిలిస్తుంది. అంటే అక్క చూసింది ఎండ కాదు, జవాబు రాని ఆ పిలుపు.

పరీక్షకు రక్తం తీసుకుని, ఫలితం వచ్చేదాకా ఆగకుండా సెలైన్ పెట్టి, కార్టిసాల్ బదులు నరంలోకి 100 మిల్లీగ్రాముల హైడ్రోకార్టిసోన్ ఇచ్చారు. మర్నాడు పొద్దున ఎవరి చెయ్యీ పట్టుకోకుండా బాత్రూమ్ దాకా నడిచాను. ఆ పది అడుగులు నాకింకా గుర్తే.

ఇప్పుడు అదే హైడ్రోకార్టిసోన్ మాత్రలుగా, లేవగానే 10 మిల్లీగ్రాములు, మధ్యాహ్నం 5, సాయంత్రం 5. కార్టిసాల్ సహజంగా తెల్లవారుజామున పెరిగి అర్ధరాత్రికి తగ్గుతుంది కాబట్టి మాత్రలూ అలాగే. ఆల్డోస్టిరాన్ బదులు ఫ్లూడ్రోకార్టిసోన్ రోజూ ఒకటి. నాలుగో నెలకి అరచేతి గీతలు లేతబడ్డాయి. ఫోటో తీసి అక్కకి పంపాను.

అయితే మామూలు మనుషుల్లో ఒంట్లో బాగోనప్పుడు గ్రంథి తనంతట తానే ఎక్కువ కార్టిసాల్ వదులుతుంది. ఆ పని నేను చెయ్యాలి. జ్వరమొస్తే డాక్టర్ చెప్పినట్టు మోతాదు రెట్టింపు. మాత్ర కడుపులో నిలవకపోతే ఇంజెక్షన్, ఆ వెంటనే ఆసుపత్రి. పోయిన వానాకాలంలో ఒక రాత్రి అదే జరిగింది. మింగిన పావుగంటకే మాత్ర వాంతిలో వచ్చేసింది. మా ఆయన చేతులు వణుకుతూనే మందు కలిపి, నా తొడ కండలోకి ఎక్కించారు. ఆ ఇంజెక్షన్ పెట్టె మంచం పక్క సొరుగులో ఉంటుంది. మా చిన్నదానికి కూడా తెలుసు.